కిరాయి లెక్క

డోర్నకల్ నుంచి కొత్తగూడెం పోయే రైలు మార్గంలో ఇల్లందు లైను చీలేది మా కారేపల్లి దగ్గరే. బతుకుదెరువుకు ఊరొదిలిన మేం, అబ్బా కట్టిన ఇంటిని ఓ మధ్యవర్తి చేతిలో పెట్టాం. ఓ నెల కిరాయి పంపేవాడు, రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉందనేవాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం యజమాని అడిగితే ఏజెంటు లెక్క చెప్పి తీరాలి. అడిగాం. పైసల లెక్క కొంత తేలింది.

తేలనిది ఇంకోటి. ఖాళీ అన్న ఆ నెలల్లోనే ఇల్లడగొచ్చిన ఓ సాయిబుల కుటుంబాన్ని 'ఓనర్లు తురకోళ్ళకియ్యరు' అని తిప్పి పంపాడట. మా గడపలోంచి, మా మాటగా, మావాళ్ళనే! పట్నంలో మా పేర్లు వినగానే మూసుకున్న తలుపులు మాకు కొత్తగాదు. ఇక్కడ మూసుకున్న తలుపు మాదే. కిరాయి బాకీ ఎట్లనో వసూలు చేసుకుంటాం. ఆ కుటుంబానికి మేం పడ్డ బాకీ ఏ సెక్షన్ కింద తీర్చాలి?