వెన్నుపోటు ఎవరికి సిగ్గు?

హనుమకొండ హాస్టళ్ళలో ఉండి చదువుకునే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సెల్‌ఫోన్లలో యానిమే చూస్తారు. మేమూ చూస్తాం. జపాన్ రచయిత ఎయిచిరో ఒడా 1997లో మొదలుపెట్టిన బొమ్మల కథ ‘వన్ పీస్’ నుంచి వచ్చిన యానిమేలో జోరో, మిహాక్‌ల కత్తి పోరు మాకు బాగా ఇష్టం. మిహాక్ లోకంలోనే మేటి. చిన్న కత్తితోనే జోరోను నిలువరిస్తాడు. ఆ కత్తి ఛాతీలో దిగినా జోరో ఒక్క అడుగు వెనక్కి వేయడు. అది చూసి మిహాక్ అతన్ని గౌరవించి తన పెద్ద నల్ల కత్తి తీస్తాడు. ఓటమి ఖాయమని తెలిశాక జోరో చేతులు చాపి, ఎదురు తిరిగి నిలబడి వేటు తీసుకుంటాడు. వీపు మీద గాయం కత్తి పట్టినవాడికి సిగ్గని అతని నమ్మకం.

మరి మన సమ్మక్క తల్లికి గాయమైంది వీపు మీదే కదా!

కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మేడారం మీదికి వచ్చిందని మన పెద్దలు చెప్పే కథ. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరులో నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో కలిసిపోయాడు. అయినా సమ్మక్క పోరు ఆపలేదు. ఎదురుగా నిలిచి గెలవలేని సైనికుడొకడు వెనక నుంచి బల్లెంతో పొడిచాడు. ఆ గాయంతోనే ఆమె చిలకలగుట్ట వైపు నడిచిపోయింది. వెతికినవాళ్ళకు దొరికింది కుంకుమ భరిణె.

పారిపోతుంటే తగిలిన గాయం వేరు, పోరాడుతుంటే వెనక నుంచి తగిలిన గాయం వేరు. సమ్మక్క వీపు మీది గాయం ఆమెకు సిగ్గు కాదు. అది దొంగదెబ్బ తీసినవాడి పిరికితనానికి గుర్తు.

హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఉంది. మేడారంలో రాతి గుడి లేదు, విగ్రహం లేదు. గద్దెలు, వెదురు, కుంకుమ భరిణె ఉన్నాయి. అయినా రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి నాలుగు రోజులు జనం లక్షల్లో వస్తారు. కోయ వడ్డెలు చిలకలగుట్ట నుంచి తల్లిని తెచ్చేటప్పుడు పోలీసులే గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం పలుకుతారు. పోరులో ఓడిన తల్లికి దక్కిన గౌరవం ఇది.

ఈ నగరంలో మా యాస విని వెనక నవ్వినవాళ్ళున్నారు. ఎదురుగా వచ్చి ఒక్క మాట అడిగినవాళ్ళు తక్కువ. వెనక నవ్వడం బలం కాదు. అయితే దానికి భయపడి మన ఇంటిపేరు, మన భాష దాచుకుంటే మనమే వెనుదిరిగినట్టు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. పిల్లలు యానిమే చూస్తే కోప్పడకండి. జోరో గురించి వాళ్ళను చెప్పనివ్వండి. తర్వాత డోలీ కళాకారులను బడికి పిలిచి సమ్మక్క కథ పాడించండి. కోయ, తెలుగు భాషల్లో ఆ కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ పాట విన్న పిల్లలు తరగతిలో లేచి నిలబడి, తామెవరో గట్టిగా చెప్పుకుంటారు.