తెల్లడబ్బాకు తప్పొప్పుల పట్టిక

తెలుగు పంతులికి వైర్‌లెస్ డబ్బాలతో ఏం పని అని మీరడగవచ్చు. మా ప్రిన్సిపాలుగారిని నేనూ అదే అడిగాను. “మీకు ఓపిక ఎక్కువ గదండీ!” అన్నారు. అంతటితో మా లైబ్రరీ కప్పుకున్న నాలుగు యాక్సెస్ పాయింట్లూ నా పాలబడ్డాయి.

నవ్వులాటకేం గాని, ఆ డబ్బాల కింద కూర్చునే మా పిల్లలు స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపుకుంటారు. గడువు దాటిందా, ఆ యేటి ఫీజు ఏ కౌలురైతు నెత్తినో పడుతుంది.

చూద్దును గదా, నాలుగూ ఒకే చానెల్ మీద గోల పెడుతున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాకుండా సామాన్యంగా వాడుకునేవి మూడే: 1, 6, 11. నలుగురు పృచ్ఛకులు ఒక్కసారే నోరు విప్పితే అవధాని తట్టుకుంటాడేమో గాని, పాపం, డబ్బాలకు ఆ విద్య రాదు. పక్కపక్కవాటికి వేర్వేరు చానెళ్లిచ్చి, చెరో కొసనున్న రెంటికీ 1 కేటాయించాను. గోల సద్దుమణిగింది.

ఇక ఫర్మ్‌వేర్. అంటే డబ్బా బుర్రలో వుండి దాన్ని ఆడించే ప్రోగ్రాం. “బాగానే పనిచేస్తూంటే మార్చడమెందుకండీ?” అన్నారు మా లెక్కల మాస్టారు. 2017 అక్టోబరులో మేథీ వాన్‌హూఫ్ అనే బెల్జియం పరిశోధకుడు, లోకమంతా నమ్ముకున్న డబ్ల్యుపిఎ2 తాళం పద్ధతిలోనే లోపముందని బయటపెట్టాడు. పాస్‌వర్డు మార్చినంత మాత్రాన ఆ లోపం పోదు. ఫోన్లకూ డబ్బాలకూ దిద్దిన ప్రోగ్రాం ఎక్కించవలసిందే. కనుక ఇది కొత్త హంగు కాదు; పాత పుస్తకానికి వేసే తప్పొప్పుల పట్టిక.

వెనకటి లేఖకులు ముప్పైరెండక్షరాలొక గ్రంథంగా ప్రతిని లెక్కగట్టేవారు. ఫర్మ్‌వేర్ ఫైలుకూ చెక్‌సమ్ అనే లెక్క వుంది. తయారీదారు ప్రకటించినదీ, మనం దించుకున్న ఫైలుదీ అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఒకే పేరున్న డబ్బాల్లోనూ లోపలి అమరిక వేరు కావచ్చు. అడుగునున్న చీటీ చదవాలి. పాత సెట్టింగులు దాచుకోవాలి. గాలిని నమ్మక వైరు తగిలించాలి. అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. చాలా రకాల్లో పాతది చెరిపిన చోటే కొత్తది రాస్తారు. మధ్యలో దీపం ఆరితే రెండూ వుండవు, డబ్బా ఇటుకరాయే.

అందుకే గడువుకు పదిరోజుల ముందే, సాయంత్రాలు, రోజుకొక డబ్బా చొప్పున మొదలుపెట్టాను. డబ్బానూ కంప్యూటర్నూ యూపీఎస్‌కు తగిలించాను. మూడోనాడు, పని సగంలో వుండగా కరెంటు పోయింది. లైబ్రరీ అంతా చీకటి. కప్పు కింద చిన్న దీపమొక్కటే మినుకుమినుకుమంటోంది. బస్సు వేళదాకా కూర్చున్న ఒక అమ్మాయి, దరఖాస్తు కాగితాలు ఒళ్లో పెట్టుకుని, భయంభయంగా అడిగింది:

“పోయిందా సార్?”

“లేదమ్మా, రాసుకుంటోంది” అన్నాను.

ఇద్దరం దానివైపే చూస్తూ కూర్చున్నాం. నాలుగు నిమిషాలకు దీపం నిలకడగా వెలిగింది.