తిలకం – తేజస్సు

కళాశాలకు చిహ్నం నుదుటి తిలకం వంటిది. అది చూపును ఆకర్షిస్తుంది. కాని ముఖానికి తేజస్సు లోపలినుంచే రావాలి.

1958లో ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో మన ఇళ్లలోని చెంబును ఉత్తమ రూపకల్పనగా కొనియాడారు. ఆ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది. దాని చిహ్నాన్ని స్విట్జర్లాండుకు చెందిన అక్షరశిల్పి అడ్రియన్ ఫ్రుటిగర్ రూపొందించారు. 2008లో హైదరాబాదులో లలితకళలకు, వాస్తుకళకు ప్రత్యేక విశ్వవిద్యాలయమే ఏర్పడింది.

రూపకల్పన నగరాల సొత్తు కాదు. 2022లో సిరిసిల్ల నేతకారుడు వెల్ది హరిప్రసాద్ జి-20 చిహ్నాన్ని మగ్గంపై నేసి ప్రధానమంత్రికి పంపారు. ఆ నేర్పును చూస్తూ పెరిగే పిల్లలకు ‘డిజైన్’ ఒక చదువని చెప్పేదెవరు?

ఆ బాధ్యత ప్రవేశ పుస్తికది. జగిత్యాల సమీపంలోని గొల్లపల్లి విద్యార్థి దానిని తెరిచినప్పుడు అందమైన బొమ్మలు కనబడితే చాలదు. ప్రవేశ పరీక్ష ఏది? రుసుము ఎంత? ఉపకారవేతనం దొరుకుతుందా? తెలుగు మాధ్యమంలో చదివినవారు నెగ్గుకురాగలరా? ఈ ప్రశ్నలకు అతనికి అర్థమయ్యే భాషలో నిజమైన సమాధానాలుండాలి. లేని వసతులను రంగుల్లో చూపితే, ఆ అసత్యానికి మూల్యం చెల్లించేది ఒక పేద కుటుంబం.

పిలుపు అందంగా ఉండాలి. అంతకన్న ముందు సత్యంగా ఉండాలి. అప్పుడే తిలకం ముఖానికి శోభ.