జీతాలు - బ్యాకప్ 3

పనికిరాని సామగ్రిని లెక్కల నుండి తొలగించే కమిటీ పనిని ఈ సంవత్సరం మాకు అప్పగించారు. కంప్యూటర్ విభాగంలో తొలినాటి నుండి ఉన్నవారిలో మిగిలింది మేము ముగ్గురమే గనుక, ఏది పనికిరానిదో మాకే బాగా తెలుస్తుందని పైవారి ఉద్దేశం కావచ్చు. ఇనుప బీరువా అడుగు అరలో ఒక అట్టపెట్టె, అందులో 23 ఫ్లాపీలు కనిపించాయి. అయిదుంపావు అంగుళాల వెడల్పుతో, ఒక్కొక్కదానిలో 360 కిలోబైట్లు పట్టే పాతరకం. మాతో ఉన్న యువ ఇంజనీరు ఒకదానిని వెలుతురుకు ఎత్తి పట్టి, "ఇది దేని కవరు సార్?" అని అడిగాడు. దానిమీది చీటీపై గుండ్రని చేతివ్రాతలో "జీతాలు - బ్యాకప్ 3" అని ఉంది. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాము. మా విభాగంలో జీతాల బ్యాకప్పులు ఒకటి, రెండు మాత్రమే ఉండేవి. మూడవది ఎన్నడూ లేదు.

మేము 1990లో ఉద్యోగంలో చేరాము. తెలుగునాటికి చాలా దూరాన ఉన్న కర్మాగారం అది. అప్పటికి విభాగంలో రెండు పీసీ-ఎక్స్‌టీ యంత్రాలు, రోజంతా రంపం కోస్తున్నట్లు మ్రోగే ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఉండేవి. శీతల యంత్రం అమర్చిన ఆ గదిలోనికి చెప్పులు విప్పి అడుగుపెట్టవలసి వచ్చేది. జనరల్ మేనేజరు గారు సైతం మేజోళ్ళతోనే లోనికి వచ్చేవారు. ఆ గదికి పెద్ద దిక్కు మా సీనియర్ ఆపరేటరు గారు. కార్డులకు చిల్లులు పొడిచి లెక్కలు కట్టిన కాలం నుండి ఆ పనిలో ఉన్న మనిషి. మాకు పని నేర్పినవారు గనుక మేమందరం ఆయనను "మాస్టారు" అనేవాళ్ళము.

మధ్యాహ్న విరామం 45 నిమిషాలు. అన్నపు డబ్బాలు పది నిమిషాలలో ముగించి, మిగిలిన సమయమంతా యంత్రం ముందు గడిపేవాళ్ళము. మొదట వచ్చినది డిగ్గర్. 1983 నాటి ఆ ఆట రంగుల తెర కోసం తయారైనది. మాది ఒకే రంగు తెర. సిమ్‌సీజీఏ అనే చిన్న ప్రోగ్రామును ముందుగా నడిపితే తప్ప ఆట కదిలేది కాదు. సొరంగాలు త్రవ్వుతూ రత్నాలు ఏరుకోవడం, బంగారు సంచులను శత్రువుల నెత్తిన పడవేయడం, ఇంతే దానిలోని కథ. కాని యంత్రం లోపలి చిన్న స్పీకరు నుండి వెలువడే "పాప్‌కార్న్" బాణీ మమ్మల్ని క్వార్టర్ల దాకా వెంటాడి వచ్చేది. మా ఇళ్ళలోని ఆడవారు ఆ గది ముఖమైనా చూడకముందే ఆ బాణీని నేర్చుకున్నారు.

తరువాత పారాట్రూపర్ వచ్చింది. హెలికాప్టర్ల నుండి దిగే సైనికులను ఒకే ఒక తుపాకితో ఆపాలి. ఒక ప్రక్క నలుగురు క్షేమంగా దిగారంటే ఒకరి మీద ఒకరు ఎక్కి తుపాకిని పేల్చివేస్తారు. మా వద్దకు ఆడిటర్లు వచ్చేదీ నలుగురేనని మాస్టారు ఒకసారి అన్న మాట చాలాకాలం మా మధ్య చలామణీ అయింది.

ఈ ఆటలన్నింటికీ రాజు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. పీసీల మీదికి 1990లో వచ్చిన ఆ ఆట మా చేతికి 1992లో అందింది, అదీ నకలుకు నకలుగా. చెరసాలలో పడిన యువకుడు ముళ్ళ గోతులను, మూసుకుపోయే ద్వారాలను, కాపలా భటులను దాటుకుని 60 నిమిషాలలో రాకుమారిని చేరుకోవాలి. అప్పటివరకు మేము చూసిన ఆటలలో బొమ్మలు జరిగేవి. ఇందులో మనిషి పరుగెత్తాడు, గోడ అంచు పట్టుకుని వేలాడాడు, తూలిపడబోయి నిలదొక్కుకున్నాడు. జోర్డన్ మెక్‌నర్ అనే అమెరికా యువకుడు 1985లో తన తమ్ముణ్ణి తెల్లని దుస్తులలో పరుగెత్తించి, గెంతించి, వీడియో తీసి, ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా కంప్యూటర్ తెర మీదికి ఎక్కించాడని మాకు ఎంతో కాలం తరువాత గాని తెలియలేదు. ఆయన వ్రాసిన మూల ప్రోగ్రాము ఉన్న ఫ్లాపీలు కూడా ఏళ్ళ తరబడి కనిపించకుండా పోయి, 2012లో ఆయన తండ్రికి ఒక పెట్టెలో దొరికాయి. నిపుణులు వాటిని చదువగలిగారు.

మా నకలుతో పాటు ఆట పుస్తకం రాలేదు. దారిలో ఒక గదిలో వరుసగా సీసాలు, వాటి పైన అక్షరాలు ఉండేవి. పుస్తకంలో ఫలానా పుట, ఫలానా పంక్తి, ఫలానా పదం యొక్క మొదటి అక్షరమున్న సీసాను త్రాగమని తెర అడిగేది. కొన్నవారికి అది చిటికెలో పని. మాకేమో తప్పు సీసా త్రాగడం, ప్రాణం పోగొట్టుకోవడం, మరల మొదలు పెట్టడం. మాస్టారు కీబోర్డును ఎన్నడూ ముట్టలేదు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని, వరండాపై ఒక కన్ను, తెరపై ఒక కన్ను వేసి ఉంచేవారు. లాగ్‌బుక్కు చివరి పుటలలో గళ్ళు గీసి, ఏ పుటకు ఏ పంక్తికి ఏ అక్షరమో మా ఒక్కొక్క చావు నుండి నమోదు చేసేవారు. రెండు నెలలకు ఆ పట్టిక దాదాపు నిండింది. కొనని పుస్తకాన్ని మేము ఆ విధంగా అక్షరం అక్షరంగా సంపాదించుకున్నాము. అది న్యాయమైన పని కాదని నేడు మాకు తెలుసు. ఆనాడు మాకు ఆ ఆలోచనే రాలేదు.

చివరి అంతస్తుల వద్ద అద్దం నుండి పుట్టిన నీడ మనిషి కత్తి దూసి ఎదురు నిలుస్తాడు. వాణ్ణి పొడిచిన ప్రతిసారీ మన ప్రాణమే తరిగేది. మూడు రోజులు మేము అక్కడే చచ్చాము. నాలుగవ రోజు తలుపు దగ్గర నుండి మాస్టారి గొంతు వినవచ్చింది. "అది నీ నీడేనయ్యా. కత్తి ఒరలో పెట్టు." పెట్టాము. నీడ వచ్చి మనిషిలో కలిసిపోయింది.

1993 జనవరి 5, మంగళవారం. ఉదయం యంత్రం తెరిస్తే ఓవర్‌టైము జాబితాకు బదులు, జోషీకి జన్మదిన శుభాకాంక్షలు టైపు చేయమనే ఆజ్ఞ తెర మీద నిలిచి ఉంది. మా విభాగంలో జోషీ అన్నవారే లేరు. అది మన దేశంలో 1990లో బయటపడిన వైరస్ అనీ, ఏటా అదే తేదీన మేలుకుంటుందనీ, అడిగినది టైపు చేస్తే తప్పుకుంటుందనీ మాకు తెలియదు. భయంతో హార్డ్ డిస్కును ఫార్మాట్ చేశాము. డిస్కు తొలి సెక్టారులో దాగిన వైరస్‌కు దానివల్ల ఏమీ కాలేదు. డిసెంబరు నెల ఓవర్‌టైము లెక్కలు మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. వాటిని కాగితాల నుండి మరల ఎక్కించడానికి అయిదు రాత్రులు పట్టింది. కార్మికులకు ఆ డబ్బు ఆలస్యంగా అందింది.

విచారణ జరిగింది. బయటి ఫ్లాపీని యంత్రంలో పెట్టినది ఎవరని అడిగారు. ఆట ఫ్లాపీని తెచ్చింది మాలో ఎవరన్నది ఇక్కడ వ్రాయము, ఎందుకంటే ఆడినది అందరమూ. మేము నేల చూపులు చూస్తూ నిలబడ్డాము. "గది బాధ్యత నాది. ఫ్లాపీ నా అనుమతితోనే వచ్చింది" అన్నారు మాస్టారు. వ్రాతపూర్వకమైన హెచ్చరిక ఆయన సర్వీసు రికార్డులో చేరింది. ఆ ఏటి పదోన్నతుల జాబితాలో ఆయన పేరు కనిపించలేదు. కారణం అదేనని ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. ఆటలున్న ఫ్లాపీలను ఆయనే పోగుచేసి, చీటీలు మార్చి, బీరువా అడుగున పెట్టి తాళం వేశారు. పారవేయమని మాత్రం అనలేదు. ఆయన 1998లో పదవీ విరమణ చేశారు, 2009లో కాలం చేశారు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మేము ఆ మాట ఎత్తలేదు. మొదట భయం, తరువాత సిగ్గు, ఆ తరువాత అలవాటు.

పెట్టె దొరికిన సాయంత్రం, విజయవాడలో ఉంటున్న ఆయన కుమార్తెకు ఫోను చేశాము. మాతో టౌన్‌షిప్పులో పెరిగిన పిల్లే. జరిగినదంతా చెప్పాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు.

"ఆ ఏడాది అమ్మ చాలా బాధపడింది, అంకుల్. నాన్న ఏదో పొరపాటు చేశారనే మేమూ అనుకున్నాము" అన్నది.

మా వద్ద సమాధానం లేదు. కాసేపటికి ఆమే అడిగింది. "ఆ ఆటలో రాకుమారుడు తన నీడతో యుద్ధం చేస్తాడా?"

చేస్తాడని చెప్పాము.

"రాత్రిళ్ళు మాకు ఆ కథ చెప్పేవారు. ప్రతి రాత్రి ఒక అంతస్తు. ఏదో పాత జానపద కథ అనుకున్నాము. మా పిల్లలకు కూడా చెప్పాను."

మరునాడు కమిటీ పత్రంలో వస్తువుల వివరం నింపవలసి వచ్చింది. ఫ్లాపీలు, అయిదుంపావు అంగుళాలవి, 23, చదివే సాధనం లేదు, తొలగించవచ్చు అని వ్రాశాము. లాగ్‌బుక్కు ఆ పెట్టెలో లేదు. అరలన్నీ వెదికాము, దొరకలేదు. చీటీపై ఉన్న పేరు ఉన్నదున్నట్లు వ్రాయాలని నియమం గనుక, చివరి గడిలో "జీతాలు - బ్యాకప్ 3" అని వ్రాసి, ముగ్గురమూ సంతకాలు చేశాము.