పాత కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కొనేముందు



మనలో చాలామంది హాస్టళ్లలో ఉన్నవి ఆఫీసులు వాడేసి అమ్మేసిన పాత కంప్యూటర్లే. మా గదిలోదీ అలాంటిదే. ఐ5-4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. సీనియర్ అన్నలు కోర్సు అయిపోయి వెళ్తూ మాకు వదిలేశారు. దసరా సెలవుల తర్వాత అందులోని గ్రాఫిక్స్ కార్డు పోయింది. ఇంకోటి ఎంచుకోడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా. పోస్ట్ పెద్దదే, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. తెర మీద గీతలొచ్చినా, నల్లగా అయిపోయినా వెంటనే షాపుకి పరిగెత్తొద్దు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, కార్డు బయటకు తీయండి. దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, దుమ్ము దులిపి, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టండి. మానిటర్ కేబుల్ కూడా మార్చి చూడండి. కొన్నిసార్లు దీంతోనే బాగైపోతుంది. మాది అవ్వలేదు.

అప్పుడు కార్డు పక్కన పెట్టేసి, మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టాం. బొమ్మ వచ్చేసింది! ఈ ప్రాసెసర్ లోపలే హెచ్‌డీ 4600 అనే చిన్న గ్రాఫిక్స్ ఉంది మరి. స్కాలర్‌షిప్ ఫారాలు, రికార్డులు, ఆన్‌లైన్ క్లాసులు, కోడింగ్ నేర్చుకోడం, వీటన్నిటికీ అది చాలు. మీ పని అంతవరకే అయితే కార్డు కొనొద్దు. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి, తేడా ఆరోజే తెలుస్తుంది.

మరి మాకెందుకు కావాల్సొచ్చింది? మా గదిలో ఒక తమ్ముడు బ్లెండర్ నేర్చుకుంటున్నాడు. వాళ్ల నానమ్మ కువి భాషలో చెప్పే కథల్ని బొమ్మల సినిమాలా చెయ్యాలని వాడి పట్టుదల. ఆవిడకి వయసైపోయింది. ఆవిడ చూస్తుండగా ఒక్క కథైనా పూర్తి చెయ్యాలంటాడు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు కావాలి. ప్రాసెసర్ ఒక్కటే పని చేస్తే మాకు ఒక్కో ఫ్రేముకి ఆరు నిమిషాలు పట్టేది. 10 సెకన్లంటే 240 ఫ్రేములు. అంటే 24 గంటలు. అంతసేపు మిగతావాళ్లు కంప్యూటర్ ముట్టుకోకూడదు. అలా కుదరదు కదా.

తొమ్మిది మందిమి తలా 500 వేసుకున్నాం. మొత్తం 4,500. అందులో కాఫీ పళ్లు ఏరిన కూలి ఉంది, అడ్డాకులు కుట్టి అమ్మిన డబ్బు ఉంది. ఒక్క రూపాయి తేడా వచ్చినా తొమ్మిది ఇళ్లకి జవాబు చెప్పాలి.

మొదటి షాపాయన జీటీ 730 చూపించాడు. "4 జీబీ కార్డు తమ్ముడూ, మీకు ఇంతకంటే ఏం కావాలి" అన్నాడు. ఆ "మీకు" అన్న మాట మా వాళ్లందరికీ గుచ్చుకుంది. చూసి వస్తామని చెప్పి వచ్చేశాం. తర్వాత చదివితే అర్థమైంది. 4 జీబీ అంటే గోడౌన్ ఎంత పెద్దదో చెప్తుంది గానీ, అక్కడికి వెళ్లే దారి ఎంత వెడల్పో చెప్పదు. డీడీఆర్3 మెమరీ, 64 బిట్ దారి ఉన్న జీటీ 730 సెకనుకి 14.4 జీబీ మాత్రమే మోస్తుంది. జీటీఎక్స్ 1050 టీఐ కూడా 4 జీబీ కార్డే. అది 112 జీబీ మోస్తుంది. ఒకటి ఘాట్ రోడ్డు, ఇంకోటి హైవే. జీటీ 1030లో అయితే ఒకే పేరు మీద రెండు రకాలున్నాయి. జీడీడీఆర్5 రకం 48 జీబీ మోస్తే, డీడీఆర్4 రకం 17 కూడా మొయ్యదు. అందుకే డబ్బా మీద జీబీ పక్కన ఏ మెమరీ అని రాశాడో తప్పకుండా చదవండి.

రెండోది కరెంటు. కార్డు పెట్టే పొడవాటి స్లాటు 75 వాట్ల దాకా ఇస్తుంది. అంతకంటే ఎక్కువ కావాల్సిన కార్డుకి పవర్ సప్లై నుంచి 6 లేదా 8 పిన్నుల వైరు విడిగా రావాలి. మా పవర్ సప్లై స్టిక్కర్ మీద 290 వాట్లని ఉంది, ఆ వైరు లేదు. కాబట్టి పెద్ద కార్డులన్నీ అక్కడే కొట్టేశాం. హార్డ్ డిస్క్‌కి వెళ్లే సాటా వైరుని 6 పిన్నులుగా మార్చే కన్వర్టర్లు అమ్ముతారు. ఆ వైరు అంత కరెంటు కోసం చేసింది కాదు, కాలిపోవచ్చు. వాటి జోలికి పోవద్దు. కంప్యూటర్ డబ్బా సన్నటిదైతే పొట్టి రకం కార్డే పడుతుంది, ముందే స్కేలు పెట్టి కొలవండి.

మూడోది మన పని. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 550, 560 కూడా చూశాం. కానీ బ్లెండర్ 3.0 నుంచి ఓపెన్‌సీఎల్ తీసేశారు. దాంతో ఆ కార్డుల మీద సైకిల్స్ రెండర్ నడవదు. గేములాడేవాళ్లకి అవి పనికొస్తాయేమో గానీ మాకు పనికిరావు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400 కొత్తదే గానీ నాలుగు లేన్ల దారే వాడుతుంది. పాత బోర్డుల్లో ఆ దారి వేగం సగానికో, పావుకో పడిపోతుంది. పైగా మా బడ్జెట్ దాటిపోయింది.

చివరికి మిగిలింది సెకండ్ హ్యాండ్ 1050 టీఐ. 2016 నాటిది, 75 వాట్లు. విడి వైరు అక్కర్లేని మోడల్ వెతికి పట్టుకున్నాం, ఎందుకంటే కొన్ని కంపెనీల మోడళ్లకి 6 పిన్నులు ఉంటాయి. దీనికి కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. భద్రతా అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా ఇస్తామని ఎన్విడియా చెప్పింది. ఈ కోర్సు పూర్తయ్యేదాకా మాకు చాలు.

సంతలో ఎద్దుని కొనేటప్పుడు మా నాన్న పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. పాత కార్డుకీ అంతే. అమ్మే మనిషి దగ్గరే కంప్యూటర్‌లో పెట్టించి, జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరవండి. పాత చిప్‌కి 1050 టీఐ అని పేరు మార్చి అమ్మే దొంగ కార్డులున్నాయి. అలాంటివాటిని అది చాలావరకు పట్టేసి, పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. తర్వాత అరగంట లోడు పెట్టి వేడి ఎంతొస్తోంది, ఫ్యాన్ తిరుగుతోందా, తెర మీద చుక్కలొస్తున్నాయా చూడండి. క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. అరగంట పరీక్షకి ఒప్పుకోని మనిషి దగ్గర కొనకండి.

మాకు 4,200కి వచ్చింది. ఇప్పుడు ఫ్రేముకి రెండు నిమిషాలు. అంటే 10 సెకన్ల బొమ్మ 8 గంటల్లో అయిపోతుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి తయారు, పగలంతా కంప్యూటర్ అందరిదీ. మిగిలిన 300 గది డబ్బాలో వేసి, లెక్క గోడ మీద అంటించాం.

షాపుల్లో మనల్ని చూడగానే "వీళ్లకేం తెలుసు" అనుకునేవాళ్లు ఉంటారు. మనం గట్టిగా అరవక్కర్లేదు. "అన్నా, ఇది ఏ మెమరీ? ఎన్ని వాట్లు? పెట్టి చూపిస్తారా?" ఈ మూడూ అడగండి చాలు. రెండో షాపులో మేం ఇవే అడిగాం. ఆయన కుర్చీ వేసి మరీ మాట్లాడాడు.

మీ దగ్గర కూడా పాత కంప్యూటర్ ఉంటే ప్రాసెసర్ పేరు, పవర్ సప్లై స్టిక్కర్ ఫోటో, మీరు చెయ్యాల్సిన పని, ఈ మూడూ కింద పెట్టండి. ఏది సరిపోతుందో కలిసి చూద్దాం.