ప్రయాణం చేయని బీరు

ఢిల్లీ మెట్రోలో పసుపు లైను రైలు కుతుబ్ మీనార్ చేరేసరికి భూగర్భం విడిచి వెలుగులోకి వస్తుంది. అరావళి కొండల అంచును దాటి గురుగ్రామ్‌లో ప్రవేశిస్తుంది. ఒకప్పుడు గోధుమ, ఆవచేలుగా ఉన్న ఆ నేలపై నేడు అద్దాల మేడలు లేచాయి. కార్యాలయాలు వదిలే వేళకు ఆ మేడల్లో కొన్నిచోట్ల అద్దపు గోడ వెనుక నిలువెత్తు లోహపాత్రలు దీపకాంతిలో మెరుస్తూ కనిపిస్తాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. సీసాలకెక్కకుండా, కాచిన చోటనే గ్లాసులో పోసి ఇచ్చే బీరు వాటిలో పులుస్తూ ఉంటుంది. 2009 ప్రాంతం నుంచి హరియాణా ప్రభుత్వపు అనుమతితో వెలసిన ఈ చిన్న బట్టీలకు ఢిల్లీవాసులు సరిహద్దు దాటి వస్తూ ఉంటారు.

కొత్తగా వచ్చినవారికి పరిచారకుడు చెక్క పలకపై నాలుగైదు చిన్న గ్లాసులు అమర్చి తెస్తాడు. తేలికైన దానితో మొదలుపెట్టి చేదైన దానితో ముగించడం పద్ధతి. చేదు ముందే నాలుకకెక్కితే మిగిలిన రుచులు తెలియవు. మొదటిదైన గోధుమ ఏల్, వడగట్టనందువల్ల మసకగా ఉంటుంది. ముక్కు దగ్గరికి తేగానే అరటిపండు, లవంగం వాసన వేస్తుంది. అందులో పండూ లేదు, లవంగమూ లేదు. ఆ పరిమళమంతా ఈస్టు చేసిన పని. ఏల్ ఈస్టు సుమారు 15 నుంచి 24 డిగ్రీల మధ్య చురుకుగా పులియబెట్టి పండ్ల వాసనలు పుట్టిస్తుంది. లాగర్ ఈస్టు అంతకంటె చలిలో, నెమ్మదిగా పనిచేసి తేట రుచినిస్తుంది. సీసా లాగర్‌కు అలవాటుపడిన నాలుక ఏల్‌ను మొదట శంకించడానికి కారణం ఇదే.

పలక మీది చివరి గ్లాసు రాగిరంగులో ఉంటుంది. దాని పేరు ఇండియా పేల్ ఏల్. ఆ పేరు వెనుక చరిత్ర విచిత్రమైనది. 18వ శతాబ్దం చివర లండన్ తూర్పున, బో అనే చోట హాడ్జ్‌సన్ బట్టీలో తయారైన బీరును ఈస్టిండియా కంపెనీ నౌకాధికారులు కొని, ఇక్కడికి తెచ్చి అమ్ముకునేవారు. 1820లలో బర్టన్ పట్టణపు అల్సోప్ పోటీకి దిగాడు. నెలల తరబడి సాగే సముద్రయానంలో చెడకుండా ఉండేందుకు అందులో హాప్స్ పూలు దండిగా వేసేవారు. వాటి చేదుకు సూక్ష్మజీవులను అదుపుచేసే గుణం ఉంది. అంటే భారతదేశం పేరు మోసిన ఆ బీరు ఈ దేశంలో పుట్టినది కాదు, ఈ దేశానికి చేరడానికి తయారైనది.

ఇక్కడే కాచే ప్రయత్నం 1850లలో కసౌలీ కొండమీద ఎడ్వర్డ్ డయ్యర్ చేతిలో బలపడింది. 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిపించిన డయ్యర్ ఆయన కుమారుడే. చల్లదనాన్ని వెతుక్కుంటూ బట్టీ ఆనాడు కొండెక్కింది. 1949లో ఆ సంస్థ ఎన్.ఎన్. మోహన్ చేతికి వచ్చింది. ఢిల్లీ పక్కన ఘజియాబాద్‌లోని మోహన్‌నగర్‌కు ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు శీతలయంత్రాలు కొండ చలిని మైదానానికి దించాయి. 45 డిగ్రీల ఎండలోనూ గురుగ్రామ్ పాత్రలు ఈస్టు కోరిన చల్లదనంలోనే ఉంటాయి.

అయితే ఈ స్థానిక బీరులో స్థానికమైనది ఎంత? బార్లీని రాజస్థాన్, హరియాణా రైతులు పండిస్తారు. కర్నాల్‌లోని భారతీయ గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ మాల్టుకు తగిన వంగడాలను రూపొందించింది. హాప్స్ ఎక్కువగా విదేశాల నుంచి వస్తాయి. అసలు ప్రశ్న నీటిది. బర్టన్ బీరుకు కీర్తి తెచ్చినది అక్కడి బావినీటిలోని జిప్సం. గురుగ్రామ్ నేలనీటిలోని లవణాలను మాత్రం ముందు తీసివేసి, కావలసిన ఖనిజాలను తిరిగి కొలిచి కలపవలసి వస్తుంది. పైగా ఒక లీటరు బీరుకు అనేక లీటర్ల నీరు ఖర్చవుతుంది. గురుగ్రామ్‌ను భూగర్భజలాన్ని మితిమీరి తోడుతున్న ప్రాంతాలలో ఒకటిగా కేంద్ర భూగర్భజల మండలి లెక్కగట్టింది. గ్లాసు ఎత్తేవారు ఈ సంగతినీ మరువరాదు.

ఒక్క గుణం మాత్రం నిస్సందేహంగా ఈ చోటిదే. అది తాజాదనం. తెలుగు పల్లెల్లో తాటికల్లు పొద్దున తియ్యగా ఉండి, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. దానిని చెట్టు కిందనే తాగాలని అందరికీ తెలుసు. వడగట్టని ఏల్ అంత త్వరగా చెడదు గాని, దాని స్వభావమూ అదే. సముద్రాలు దాటడానికి తయారైన బీరు, రెండు శతాబ్దాల తరువాత, తన పేరులోని దేశంలో కాచిన గది దాటకుండానే ఖాళీ అవుతున్నది.