తొట్టి పొడుగెంత?

తెనాలి, బాపట్ల, రేపల్లె – ఈ మూడింటినీ కలిపి గీత గీస్తే త్రికోణం వస్తుంది. తెనాలి నుంచి బాపట్లకు రైలున్నది. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో వేసిన రైలుదారి వున్నది. మూడో పక్క, అంటే బాపట్ల నుంచి రేపల్లెకు మాత్రం రైలు లేదు. కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా 216వ నంబరు జాతీయ రహదారిన పోవలసిందే. కార్తీకమాసంలో సంసారమంతటినీ వెంటబెట్టుకుని, సూర్యలంకలో సముద్రస్నానం, పెనుమూడిలో కృష్ణాస్నానం ఒకే చుట్టులో ముగించుకుందామనుకునే వారికి ఈ త్రికోణం రేఖాగణితం కాదు, గృహకల్లోలం.

కల్లోలానికి కారణం సామాను. వంటగిన్నెలు, గ్యాసు పొయ్యి, డేరాగుడ్డ, దాని రాటలు, చాపలు, మంచినీళ్ళ క్యానులు, బామ్మగారి మడిబట్టల మూట – ఇవన్నీ మోయడానికి ఒక బండి కావాలి. వెనుక తొట్టి ఎంత పొడుగుండాలనే దగ్గర బావకూ బావమరిదికీ చెడుతుంది.

2005లో వచ్చిన టాటా ఏస్ మన వీధుల్లో అందరికీ తెలిసినదే. దాని తొట్టి 7 అడుగులకు కొంచెం పైన. ఆ పై తరగతి పికప్పుల్లో 8, 9, 10 అడుగుల తొట్లున్నవి. అమెరికాలో వుంటున్న మనవాళ్ళకూ ఈ తగవు తప్పలేదు. అక్కడి తొట్లు 5½, 6½, 8 అడుగులు. వాటి వెనుక మంచాలూ వంటగదీ వున్న చక్రాల ఇల్లు తగిలించి, వేసవి సెలవుల్లో అడవులకూ సరస్సులకూ లాక్కుపోతారు. మన జిల్లాల్లో అలాంటి ఇళ్ళను లాగే బండ్లు కనిపించవు, లాగుడంతా ట్రాక్టర్లదే.

అయినా ఆ శాస్త్రం మనకు కొత్త కాదు. డెల్టా రైతు రెండెడ్ల బండికి ధాన్యం బస్తాలు ఎత్తించాక, ఎడ్లను కట్టేముందు నొగ పట్టుకుని ఒకసారి ఎత్తి చూసేవాడు. ముందుబరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలు విరుస్తుంది. వెనుకబరువైతే నొగ పైకి లేచి, పలుపులు గొంతుకు బిగుస్తాయి. కాస్త ముందుకు మొగ్గివుంటేనే బండి సుఖంగా నడుస్తుంది. అమెరికావారి లెక్కా ఇదే: లాగే ఇంటి బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద పడాలి. అంతకు తగ్గితే వెనుకనున్న ఇల్లు పాము తోకలా అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇల్లు 2,000 కిలోలైతే కొక్కెం మీద 200 నుంచి 300 కిలోలన్నమాట. మామూలు కొక్కెం వెనుక ఇరుసుకు అవతల వుంటుంది గనుక, ఆ బరువు వెనుకను కుంగదీసి ముందు చక్రాలను తేలిక చేస్తుంది. స్టీరింగు మాట వినదు. పైగా ఆ బరువును కూడా బండి మోయగల బరువులోనే లెక్కకట్టుకోవాలి.

తొట్టి పొడుగైతే సాధారణంగా చక్రాల మధ్య ఎడమూ పెరుగుతుంది. తిన్నని దారిలో బండి నిలకడగా పోతుంది. మలుపులో మాత్రం చాలా చోటు అడుగుతుంది. మూడు కాలువలు పారే తెనాలిలో, వంతెన దిగి బజారు సందులోకి తిరిగేటప్పుడు 10 అడుగుల తొట్టి యజమానికి చెమటలు పడతాయి. అదే తొట్టి బాపట్ల దాటి రహదారి ఎక్కిందా, పొట్టిదాని కంటె హాయి. ఇక పొట్టి తొట్టిలో డేరా రాటలు వెనక్కి పొడుచుకు వస్తాయి. చీకటిపడ్డాక మోటారు సైకిలు మీద వచ్చేవాడి కంటికి అవి ఆనవు.

ఇంతవరకూ సామాను మాట. అసలు ప్రమాదం త్రికోణం మూడో పక్కన వున్నది. సూర్యలంకలో స్నానాలై, భోజనాలై, పొద్దు వాలుతుంది. రేపల్లెకు రైలు లేదు. తొట్టిలో చాప పరిస్తే పదిమంది పడతారని ఎవరో అంటారు. పిల్లలకు అది పండుగ. కాని సరుకుల బండి మనుషుల కోసం కట్టినది కాదు. పట్టుకోవడానికి కమ్మీ లేదు, కూర్చోవడానికి సీటు లేదు. నిలబడ్డవారి బరువంతా పైనుంటుంది గనుక, బండి మలుపులో బోర్లాపడడం సులువు. సరుకుల బండిలో ఊరకే ఎక్కినవారికి బీమా సంస్థ పరిహారం చెల్లించనక్కరలేదని 2002లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణం పోయాక ఇంటివారికి మిగిలేది అప్పు మాత్రమే.

కనుక తీర్పు ఇలా చెప్పుకోవచ్చు. అయిదారుగురి సంసారానికి, ఒక డేరాకు, 8 అడుగుల తొట్టి చాలు. రాటలు పొడుగైతే 9. బరువైనవి ఇరుసుకు కాస్త ముందుగా, అడుగున సర్దాలి; తేలికవి పైన. మనుషులకు తెనాలి నుంచి బాపట్ల దాకా రైలు, అక్కడినుంచి రేపల్లెకు ఆర్టీసీ బస్సు, స్నానమయ్యాక తిరిగి తెనాలికి రైలు. త్రికోణం పూర్తవుతుంది, పుణ్యమూ పూర్తవుతుంది. బస్సులో బామ్మగారికి కిటికీ పక్క సీటు దొరికితే, దారి పొడుగునా వరి చేలు చూసుకుంటూ ఆవిడే అందరికంటె ఎక్కువ సంతోషిస్తారు. మడిబట్టల మూట మాత్రం తొట్టిలో వేయనివ్వరు. దానిని ఒళ్ళోనే పెట్టుకుంటారు.